బాబాయిగారి ఇంజన్లు, నా పెన్సిలు రాతలు

మా ముత్తాతగారు వెంకటపతిరాజుగారు ఏడు ఊళ్ళకు మొఖాసాదారు. ఆ ఊళ్ళ శిస్తు ముందు మా సావిడికి వచ్చి, ఆ తర్వాతే సర్కారుకు వెళ్ళేది. ఆయన పల్లకి రేవుకు చేరేదాకా పడవ కదలకూడదన్నది ఆనాటి కట్టడి. ముందే ఎక్కి కూర్చున్నవాడు కలెక్టరాఫీసు గుమస్తా అయినా ఎండలో ఆగవలసిందే. తాతగారు సుబ్బరాజుగారి నాటికి పల్లకి పోయి గుర్రపుబండి మిగిలింది గాని, తగవు తీర్పించుకోవడానికి రెండు తాలూకాల నుంచి మనుషులు మా అరుగు మీదకే వచ్చేవారు. ఆయన పడక్కుర్చీలో ఆయన లేనప్పుడు పిల్లి కూడా పడుకునేది కాదని మామ్మగారు చెప్పేవారు. మా నాన్నగారు రామభద్రరాజుగారు నిండా నలభై ఏళ్ళు బతకలేదు. పెద్దకొడుకు కొడుకుని కనుక ఆ ఇంటి వారసత్వం నాది. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ మధ్య మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళకు ఎవరి గుమ్మంలోకి వచ్చామో తెలియడం లేదు గనుక చెబుతున్నాను.

పోయిన నెలలో అలాగే ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చారు. అమలాపురంలో నేనుండే రెండు గదుల వాటాకు మెట్లెక్కి రావాలి. అడుగుల చప్పుడును బట్టి వచ్చేది ఎవరో పోల్చుకోగలను. స్థలాల బ్రోకర్లు సగం మెట్ల మీద ఆగి చొక్కా సర్దుకుంటారు. వీళ్ళూ ఆగారు. మెడల్లో కెమెరాలు, వీపుల మీద సంచీలు. ఒకడి చొక్కా మీద రైలింజను బొమ్మ. "పాత డీజిలింజన్లంటే మాకు ప్రాణమండి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "కరెంటు లైన్లు పడ్డాక పాసింజర్లకి అవి రావడం మానేసాయండి. ఎక్కడైనా ఒకటి నడుస్తోందని తెలిస్తే సెలవు పెట్టుకుని మరీ వెళ్తామండి."

"వెళ్ళి చూసుకోండి. మా ఇంట్లో ఇంజనేదీ లేదే" అన్నాను.

వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. సొంత ఖర్చుతో ఊళ్ళు తిరిగి ఇంజన్లు చూసి వచ్చే మనిషి ఉంటాడంటే వయసులో ఉన్నప్పుడు నేను నమ్మలేదు. అలా నమ్మకపోవడం వల్ల నా బతుకు ఏ దారి పట్టిందో ఈ ప్రకరణంలో చెబుతాను. అయినా, అంత తెలిసినవాణ్ణి కూడా, ఆ పూట వాళ్ళను కూర్చోమనడానికి ముందు సంచీల వంక చూశాను, ఏ కాగితాల మీద సంతకం అడుగుతారో అని.

ఒకడు సంచీలోంచి పాత నోటుపుస్తకం తీశాడు. నీలం అట్ట, మూలలు చెదలు తిన్నాయి. చూడగానే పోల్చుకున్నాను. అది మా సూరపరాజు బాబాయిగారిది. రాజోలులో ఉంటున్న, పెద్దపంతులమ్మగా చేసి రిటైరైన ఒకావిడ తన తండ్రి సామాన్లలో దొరికిందని వాళ్ళకిచ్చిందట. డీజిలింజన్లు నరసాపురం పాసింజరుకు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఏ రోజు ఏ ఇంజను వచ్చిందో ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఇంకొకటి లేదని వాళ్ళు నాకు చెప్పుకుపోతున్నారు. ఒక పేజీ దగ్గర ఆగి అడిగారు: "ఇంజను నంబర్ల పక్కన ఎవరో పెన్సిలుతో వేరే నంబర్లు వేసేరండి. షెడ్డు గుర్తులేమో అనుకున్నాం, కాదండి. తమరికేవైనా తెలుసాండి?"

ఆ పెన్సిలు చేతిరాత నాది. ఆ పేజీ అడుగున బాబాయిగారు సిరాతో ఒక చిన్న వాక్యం రాశారు: "ఇవి ఇంజన్లే బాబూ." నా గీతల్ని ఆయన చూశారన్నమాట. చూసి, నాకొక్క మాట చెప్పకుండా, పుస్తకంలో జవాబు రాసి మూసేశారన్నమాట. ఇది నాకు నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది. కుర్రవాళ్ళతో "తెలియదండి" అని పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఫొటో తీసుకుంటామన్నారు. వద్దన్నాను.

పి.గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు వైపు వెళ్తే, ప్రధాన కాలవ నుంచి చీలిన పిల్లకాలవ ఒడ్డున మా ఊరు. తెల్లవారుజామున మామ్మగారు వేయించే కొబ్బరిడొక్కల పొయ్యి వాసనతో ఇల్లు లేచేది. ఆ పొగ కమ్మగా ఉండి కళ్ళు మండించేది. మామ్మగారు ఘోషా మనిషి. తలుపు చాటు నుంచే ఇల్లంతా నడిపేవారు. ఆవిడ గొంతు సావిడిలోకి వచ్చేది గాని, మనిషి ఎప్పుడూ వచ్చేది కాదు. తాతగారు పోయాక కూడా ఆవిడ పెట్టిన కట్టుబాట్లలో ఒకటి చెక్కుచెదరలేదు. ఇంట్లోంచి ఏ మగవాడు బయల్దేరినా, తలుపు దగ్గర ఆగి, ఏ రేవు దాటుతున్నాడో చెప్పి వెళ్ళాలి. ఎందుకు వెళ్తున్నావని ఆవిడ అడిగేవారు కాదు. ఎప్పుడొస్తావనీ అడిగేవారు కాదు. రేవు పేరు మాత్రం చెప్పాలి. చుట్టూ గోదావరి పాయలున్న సీమలో పడవ తిరగబడిందన్న కబురు వస్తే, ఏ ఒడ్డుకు పరిగెత్తాలో ఇంట్లోవాళ్ళకు తెలియాలి. ఆవిడ తమ్ముణ్ణి అలా రెండు రోజులు వేరే రేవులో వెతికారట. అప్పటి నుంచీ ఇది మా ఇంట్లో దేవుడి దీపం లాంటి నియమం.

నాన్నగారు పోయాక ఇంటి వ్యవహారమంతా బాబాయిగారి చేతుల్లో ఉండేది. నేను అమలాపురంలో బి.ఏ. ముగించి వచ్చి, వారసుడనన్న హోదా తప్ప వేరే పని లేకుండా తిరిగే రోజులవి. బాబాయిగారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పిన్నిగారు పెళ్ళైన మూడో ఏట పోతే మళ్ళీ చేసుకోలేదు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, చెప్పులకు కూడా తనే నూనె రాసుకునే అలవాటు. మాటకు ముందు చిన్న దగ్గు. రామచంద్రపురం వైపు మాకు కొంత మాగాణి ఉండేది; ఆ కౌలు వ్యవహారం చూడడానికి ప్రతి గురువారం పొద్దున్నే తలుపు దగ్గర ఆగి, "అమ్మా, కోటిపల్లి రేవండి" అని చెప్పి వెళ్ళేవారు. సాయంత్రం దీపాలవేళకు వచ్చేవారు. వచ్చినప్పుడు ఆయన కండువా నుంచి ఒక వాసన వచ్చేది. నూనె మరిగి మాడినట్టు, ఇనుము వేడెక్కినట్టు ఉండేది. మల్లెపూల వాసన కాదు, సారా వాసన కాదు. వాటిలో ఏదైనా అయితే నేను అంత ఆలోచించకపోదును. పేరు పెట్టలేని వాసన కావడం వల్లే నాకు అనుమానం పుట్టింది. బాబాయిగారు నా ఆస్తి తింటున్నారా, లేదా? ఆ ఏళ్ళలో నేను నిద్ర లేచింది ఈ ప్రశ్నతోనే, అన్నం తిన్నది దీనితోనే.

అనుమానానికి ఆధారం కొబ్బరి దింపు రోజున దొరికింది. తోటలో కాయలు దింపే సత్తియ్య చెట్టు మీంచే కబుర్లు చెప్పే మనిషి. "బాబుగారూ, మొన్న లక్ష్మివారం మా చెల్లెల్ని దింపడానికి సఖినేటిపల్లి రేవుకెళ్తే, చినరాజుగారు పంటు మీద అవతల ఒడ్డుకెళ్తా కనబడ్డారండి. దణ్ణం పెడితే అటు తిరిగేసేరండి" అన్నాడు. పంటు అంటే రెండు పడవల్ని కలిపి పైన బల్ల పరిచింది. బస్సులు కూడా దాని మీదే నది దాటేవి. అది దాటితే నరసాపురం. కోటిపల్లి రేవు తూర్పున గౌతమి మీద, సఖినేటిపల్లి రేవు పడమట వశిష్ఠ మీద. పొరపాటున ఒక రేవు బదులు ఇంకో రేవు పేరు చెప్పే అవకాశమే లేదు. తల్లికి రేవు అబద్ధం చెప్పిన మనిషి ఇంకేం చెయ్యడానికి వెనుకాడతాడని నా ప్రశ్న.

తర్వాతి గురువారం ఆయన వెనక బస్సులో వెళ్ళాను. తలకు తువ్వాలు చుట్టుకుని పంటు వెనక భాగంలో, కొబ్బరికాయల బస్తాల మధ్య నించున్నాను. మా వంశంలో బస్తాల మధ్య నించుని నది దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణేమో. బాబాయిగారు నరసాపురంలో రిక్షా ఎక్కకుండా తిన్నగా రైలు స్టేషనుకు నడిచారు. మా కోనసీమకు రైలు లేదు. చూడాలంటే నది దాటాలి. ప్లాట్‌ఫారం చివర, పందిరి దాటిపోయిన చోట, ఒక బెంచీ మీద దేవసహాయం మాస్టారు కూర్చుని ఉన్నారు. రాజోలు దగ్గర బడిలో లెక్కలు చెప్పే మాస్టారు; ఆ నోటుపుస్తకం కుర్రవాళ్ళకిచ్చిన పంతులమ్మ తండ్రి. ఆయన తాత మా పొలాల్లో పాలేరు. బాబాయిగారు వెళ్ళి ఆ బెంచీ మీదే, ఆయన పక్కనే కూర్చున్నారు. ఒక క్యారేజీ విప్పి ఇద్దరూ తిన్నారు. ఉన్నది ఉన్నట్టు రాయాలి గనుక రాస్తున్నాను: ఆ రోజు నా కళ్ళకు రేవు అబద్ధం కన్నా ఆ బెంచీయే పెద్ద నేరంగా కనిపించింది. ఇప్పుడు ఆ సంగతి తల్చుకుంటే తలెత్తలేను. అప్పుడు మాత్రం తలెత్తుకునే చూశాను.

రొయ్యల బుట్టలు పేర్చిన చోట చాటుగా నించుని వాళ్ళ మాటలు విన్నాను.

"ఈవేళ నిడదవోలు నుంచి పెద్దాయనొస్తాడంటారా మాస్టారూ?" అన్నారు బాబాయిగారు.

"ఒస్తాడండి. మొన్నొచ్చినాయన కాదండి, ఆయనకి గొంతు బొంగురు."

"బొంగురు కాదండీ, జలుబు. వైద్యానికి పంపించేరట."

"రాజుగారూ, తమరు ఆయన్ని వెనకేసుకొస్తారండి ఎప్పుడూ!"

"ఆయ్, వెనకేసుకొస్తానండి. మొదట చూసింది ఆయన్నే కదండీ."

ఎవరీ పెద్దాయన? ఏ అధికారి? పాసింజరు వచ్చి ఆగింది. సీజను టిక్కెట్ల గుమస్తాలు, కాలేజీ పిల్లలు, పాలకొల్లు నుంచి వచ్చే బట్టలకొట్ల వాళ్ళు దిగి గేటు వైపు పోయారు. నేను దిగినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూశాను. వాళ్ళ చేతుల్లో ఏముందో చూశాను. బాబాయిగారు, మాస్టారు మాత్రం జనం వైపు చూడలేదు. ఇంజను పెట్టెల నుంచి విడిపోయి, పక్క పట్టాల మీదుగా రైలు రెండో కొసకు వెళ్ళింది. నరసాపురంతో లైను అయిపోతుంది కనుక తిరుగు ప్రయాణానికి ఇంజను అటు మారాలి. వాళ్ళిద్దరూ దాని వెంట ప్లాట్‌ఫారం పొడవునా నడిచారు. ఇంజనువైపు నేను తలెత్తి చూడనే లేదు. నేను చూసిందల్లా మనుషుల్ని. రెండో కొస దగ్గర ఖాకీ దుస్తుల డ్రైవరు కిటికీలోంచి వంగి, బాబాయిగారి చేతిలో మడతపెట్టిన కాగితం పెట్టాడు. "అడిగేరు కదాని షెడ్డులో ఉన్నయ్యన్నీ రాసి తెచ్చేనండి" అన్నాడు. బాబాయిగారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసి, నీలం అట్ట నోటుపుస్తకంలో పెట్టుకున్నారు.

రైల్వే మనిషి రహస్యంగా ఇచ్చిన కాగితం! దానితో నాకు అన్నీ అర్థమయ్యాయి. అర్థమయ్యాయని అనుకున్నాను.

కోనసీమకు రైలు వస్తుందన్న మాట నేను పుట్టకముందు నుంచీ ఉంది. ప్రతి ఎన్నికకూ వస్తుంది. ఓట్లు పడ్డాక వెళ్ళిపోతుంది. ఎటు నుంచి వస్తుందో, ఎవరి పొలంలోంచి పోతుందో అన్న ఊహాగానం మా వైపు మగవాళ్ళకు చుట్ట కాల్చుకోవడం లాంటిది. మర్నాడు మధ్యాహ్నం బాబాయిగారు భోజనం చేసి కునుకు తీస్తున్నప్పుడు ఆయన గూట్లోంచి నోటుపుస్తకం తీశాను. పేజీల నిండా ఐదంకెల నంబర్లు. పక్కన తేదీ, గంట. ఇంకేమీ లేదు. నంబర్లన్నీ పదిహేడుతోనో పద్దెనిమిదితోనో మొదలవుతున్నాయి. భూమి ఉన్న ఇంట్లో పుట్టినవాడికి నంబరు కనిపిస్తే అది సర్వే నంబరే. మొదటి మూడంకెలు సర్వే నంబరు, చివరి రెండూ దాని కింద సబ్‌డివిజన్లు. 18234 అంటే నూట ఎనభై రెండులో మూడూ నాలుగూ. ఎవరి కంటా పడకుండా మధ్యలో ఉండవలసిన గీతలు తీసేసి రాసుకున్నారు! నా తెలివికి నాకే ఒళ్ళు పులకరించింది. పెన్సిలుతో ఒక పేజీ నిండా పక్కన విడదీసి వేసుకున్నాను. చెరిపేద్దామనుకునేలోపు ఆయన దగ్గు వినిపించింది. పుస్తకం గూట్లో పెట్టేశాను.

సఖినేటిపల్లి రేవు పక్క ఊళ్ళో మాకు తొమ్మిదెకరాల చౌడు నేల ఉండేది. ఉప్పు తేలి, గడ్డి కూడా సరిగ్గా మొలవని నేల. ఆ ఊరి కరణంగారి దగ్గరకు వెళ్ళి గ్రామపటం అడిగాను. నూటడెబ్బై నుంచి నూటఎనభైతొమ్మిది దాకా సర్వే నంబర్లు ఎక్కడున్నాయో వేలితో చూసుకుంటూ పోయాను. అవన్నీ ఒకదాని పక్కన ఒకటి, రేవు నుంచి రాజోలు దిక్కుగా, తాడు లాగినట్టు వరసగా ఉన్నాయి. పక్కపక్క నంబర్లు పక్కపక్కనే ఉండడంలో వింతేముందన్న ఆలోచన నాకు రాలేదు. నాకు కనిపించింది రైలుకట్ట. మా చౌడు నేల సరిగ్గా దాని మధ్యలో ఉంది. కరణంగారు నా ముఖం చూసి, "ఏవండీ బాబుగారూ, వంట్లో బావుందాండి?" అని అడిగారు. ఈయనకూ ఇందులో వాటా ఉందా అని ఆయన్నీ అనుమానించాను.

మా మేనమామ జగ్గరాజుగారిని ఐనవిల్లి నుంచి పిలిపించి, ఆయనతో పాటు ఊరి పెద్దలు మరో ముగ్గురిని సావిడిలో కూర్చోబెట్టి, వాటాలు పంచమని అడిగాను. పటం సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతాను? రేవు సంగతి మాత్రం చెప్పాను. జగ్గరాజు మావయ్యగారు మీసం చాటున నవ్వుకుంటూ బాబాయిగారి వైపు తిరిగారు. "బావగారూ, గురువారం గురువారం నరసాపురంలో తమరికేం పనండి?"

బాబాయిగారు చిన్నగా దగ్గారు. "ఇంజను చూడ్డానికండి."

"ఏ ఇంజనండి?"

"పాసింజరు లాగే డీజిలింజనండి. అది నించున్నప్పుడు కూడా లోపల ఊపిరి ఆడుతూనే ఉంటుందండి. కదిలేటప్పుడు ఒక్కసారి నల్లటి పొగ ఊదుతుంది చూడండి..." ఆయన ముఖం వెలిగింది. జీవితంలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"అలాగాండి. ఇంతకీ ఆ ఇంజను ఏ రంగు చీర కడుతుందండి బావగారూ?" అన్నారు మావయ్యగారు.

సావిడి గొల్లుమంది. అప్పుడు తలుపు చాటు నుంచి మామ్మగారి గొంతు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. "సూరీ, వయసులో రైల్వేలో ఉద్యోగం కాగితం వస్తే మీ నాన్నగారు చింపేసేరని నాకు తెలుసు. ఒకడి కింద పనిచేసేవాడు మనింట పుట్టలేదన్నారు. అది నీ మనసులో ఉంటే ఉండనీ. అవతల ఆడమనిషి ఉన్నా సరిపెట్టుకుందును. కానీ నాకు రేవు అబద్ధం చెప్పేవు. పడవ మునిగితే నేను కోటిపల్లి ఒడ్డున కూర్చుని ఏడుస్తా ఉందును, నువ్వు నరసాపురం ఒడ్డున తేలుదువు. పంచెయ్యండి జగ్గరాజుగారూ."

ఆవిడ అంత మాట అన్నాక ఇంక ఆపేవారు లేరు. మా వైపు ఆనవాయితీ ఏమిటంటే, పెద్ద వాటాదారు భాగాలు వెయ్యాలి, చిన్న వాటాదారు ముందు కోరుకోవాలి. పెద్దకొడుకు వాటా నాది గనుక భాగాలు నేనే వేశాను; మాగాణి రెండు సమభాగాలు. మిగిలినవి రెండు: కాలవ ఒడ్డున ముత్తాతగారు వేయించిన నాలుగెకరాల ముప్పై సెంట్ల కొబ్బరితోట ఒకటి, రేవు దగ్గరి చౌడు నేల ఒకటి. తోటను ఒక వాటాలో, చౌడును రెండో వాటాలో వేశాను. బాబాయిగారు ఏది కోరుకుంటారో చూడాలని నా పన్నాగం. రహస్యం తెలియని మనిషైతే తోట కోరుకుంటాడు.

ఆయన రెండు చీటీల వంకా చూడనైనా చూడలేదు. "నాకు రేవు దగ్గరిది చాలండి" అన్నారు.

"చౌడాండి?" అన్నారు మావయ్యగారు, నవ్వు మర్చిపోయి.

"ఆయ్. అక్కడ గాలి బావుంటుందండి. పంటు కూత వినబడుతుంది."

చిక్కాడు అనుకున్నాను.

పది రోజులు ఆగి ఆయన గదికి వెళ్ళాను. మంచం మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. నన్ను చూసి మూశారు. తోట మీరు తీసుకోండి, చౌడు నాకివ్వండి అన్నాను. "దేనికి బాబూ అది నీకు? ఉప్పు తప్ప ఏం పండదు" అన్నారు. నన్ను తప్పించడానికి చూస్తున్నారనుకున్నాను. "తమరికి పనికొచ్చింది నాకు మాత్రం పనికిరాదాండి?" అన్నాను. ఆ మాటలో విషం ఆయనకు తెలిసింది. "రేవు దగ్గర పాక ఒక్కటి ఉంచుకోనీ" అన్నారు. ఉంచుకోమన్నాను. మార్పిడి రాజోలులో రిజిస్టరైంది. ఆయన నింపాదిగా సంతకం పెట్టారు. ఆత్రపడింది నేనే.

తర్వాత నేను చేసింది చెబుతాను. రామచంద్రపురం వైపు నా వాటా మాగాణి అమ్మాను. ఆ సొమ్ముతో మా చౌడుకు అటూ ఇటూ ఉన్న చౌడంతా కొన్నాను, పటంలో గీత పోయిన దారి వెంట. అమ్మినవాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు; వాళ్ళ జాలి నటన అనుకున్నాను. ఒక ఏడు ఎర్రజెండాలతో కొలతలు వేసేవాళ్ళు వస్తే పొలం గట్టు మీదే నాలుగు రోజులు కాపు కాశాను. వాళ్ళు డ్రైనేజీ వాళ్ళు. బాబాయిగారు తోటలో చిన్న ఇల్లు వేసుకుని, గురువారాలు మాత్రం రేవు దగ్గర పాకలో దిగి, పంటు ఎక్కేవారు. ఇప్పుడు మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గర ఆగి నిజం రేవే చెప్పేవారు. మామ్మగారు మాత్రం, విన్నానన్నట్టు లోపలి నుంచి, మళ్ళీ "ఆఁ" అనలేదు.

నిజం నాకు నిడదవోలు స్టేషనులో తెలిసింది. ఒక పెళ్ళికి పోతూ బండి కోసం నించున్నాను. ఎదురుగా పాసింజరు వచ్చి ఆగింది. ఇంజను ముక్కు సరిగ్గా నా ముందు. దాని నుదుటి మీద తెల్ల రంగుతో, అరచేతి పొడుగు అంకెలతో: 18234. ఆ అంకెలు నాకు మంత్రంలా కంఠతా వచ్చు. నూట ఎనభై రెండులో మూడూ నాలుగూ. ఆ నేల నేను అప్పటికి కొని మూడేళ్ళయింది. వేడి ఇనుము వాసన, మరిగిన నూనె వాసన గుప్పున కొట్టింది, బాబాయిగారి కండువా ముఖం మీద వేసినట్టు. డ్రైవరు కిటికీలోంచి చూసి, "ఏవండీ, అలా నిలబడిపోయేరు? ఇంజనంటే ఇష్టమాండి?" అని అడిగాడు. పెళ్ళికి వెళ్ళలేదు.

ఇంటికి వచ్చి బాబాయిగారితో ఆ మాట చెప్పానా? చెప్పలేదు. తోట గట్టు దాకా వెళ్ళాను. ఆయన పడక్కుర్చీ ఆరుబయట వేసుకుని కొబ్బరి మట్టల్ని చీలుస్తున్నారు. "రా బాబూ, కూర్చో" అన్నారు. కూర్చుంటే చెప్పవలసి వస్తుందని పనుందని వచ్చేశాను. వెన్ను వంచడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. రొయ్యల చెరువులు వచ్చి చౌడుకు గిరాకీ పుట్టడానికి కొంచెం ముందే విసిగిపోయి ఆ నేలంతా వదిలించుకున్నాను. రైలు మాత్రం ఇప్పటికీ వస్తుందనే అంటున్నారు.

మొన్న వచ్చిన కుర్రవాళ్ళకు ఒక గుంపు ఉందట, దానికో పేరు, ఒక అధ్యక్షుడు. ఇంజను బొమ్మ చొక్కా మీద వేసుకుని పట్టపగలు తిరుగుతారు. వాళ్ళ అమ్మలు క్యారేజీలు కట్టి పంపుతారు. ఏ రేవు దాటుతున్నావని వాళ్ళను ఎవరూ అడగరు, వంతెనలు వచ్చాయి. ఆ రోజుల్లో బాబాయిగారికి ఉన్నది ఒక మాస్టారు, ఒక బెంచీ, ఒక అబద్ధం. ఇప్పటి ఇష్టాలకు దాపరికం అక్కర్లేదు, అప్పటి ఇష్టాలకు సాక్ష్యం కావలసి వచ్చేది. అప్పటిది మేలని నేననను. ఇప్పటిదాన్ని నమ్మాలన్నా నాకు కష్టంగానే ఉంది. మెట్లు దిగి వెళ్ళాక కూడా కిటికీలోంచి చూశాను, వాళ్ళు ఎవరికైనా ఫోను చేస్తారేమో అని.

ఇంతకీ ఆ సిరా వాక్యం ఎప్పుడు రాశారు? తోట మార్పిడికి ముందా, తర్వాతా? ముందే రాసి ఉంటే, నేను గోతిలో పడుతున్నానని తెలిసీ ఊరుకున్నారు. అలా అనుకోవడానికి నా స్వభావం ఒప్పుకుంటుంది. అనుకుంటే కొంత సుఖంగా కూడా ఉంటుంది. కానీ ఆయన నిజం ఒకసారి పదిమందిలో చెప్పారు, పదిమందీ నవ్వారు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు మా ఇంట్లో ఆయనకూ లేదు, ఎవరికీ లేదు. పైగా ఆయన పోయాక వీలునామా బయటపడింది. తోట మొత్తం నా పేరనే రాశారు. దాని మీద ఉన్న తేదీ మార్పిడి జరిగిన పదిహేనో రోజు. అంటే నా దగ్గర పుచ్చుకున్న రెండు వారాలకే తిరిగి ఇచ్చేశారు, బతికున్నంత కాలం చెప్పకుండా. ఎక్కడైనా మెలిక ఉందేమోనని రెండుసార్లు చదివాను. వకీలు చేత కూడా చదివించాను. మెలిక లేదు. ఉంటే బావుండేది.

ఆ తోటలో కాలు పెట్టలేక, ఏడాది తిరక్కుండా అమ్మేశాను. నాలుగెకరాల ముప్పై సెంట్లు, కాపులో ఉన్న చెట్లతో సహా.